నాలుగూ పదికి ఆగిన ఎనిమిదో వాచీ

పోయిన వారం నా చేతిలోంచి కాఫీ కప్పు జారి పగిలిన చోట ఆగాం. జ్యూరిక్ నుంచి వచ్చిన అమ్రైన్ గారు మంచులో కారు దిగి, మా ఇంటి మూడంతస్తుల మెట్లూ ఆయాసపడుతూ ఎక్కి, నా పనిబల్ల మీద తోలుపెట్టె పెట్టి, "ఎనిమిదోది దొరికింది, గిన్యార్ గారూ" అన్నారు. ఆ మాట పదమూడేళ్ళుగా నేను వినాలనుకున్నదీ, వినకూడదనుకున్నదీ కూడా.

ఎందుకో తెలియనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్తాను. మా లె సాంటియే ఊళ్ళో ఆర్మాన్ రోషా అనే పెద్ద పనివాడు ఉండేవాడు. బ్యాటరీ వాచీలు వచ్చి ఈ లోయలో సగం కొంపలు ముంచిన రోజుల్లో, అందరూ పనిముట్లు అమ్ముకుంటుంటే, ఆయన పంతం పట్టి కీ ఇచ్చి నడిపే వాచీలు ఎనిమిది చేశాడు. వారం, తేదీ, నెల, సంవత్సరం, చంద్రుడు అన్నీ వాటంతటవే మారతాయి. ఫిబ్రవరికి ఎన్ని రోజులో వాటికి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. ఏడు వాచీలు కొన్నవాళ్ళకు చేరాయి. ఎనిమిదోది 1990 ఫిబ్రవరి 25, ఆదివారం నాడు మాయమైంది. దానితో పాటు రోషా దగ్గర పనిచేస్తున్న మా తమ్ముడు లూసియాన్ కూడా మాయమయ్యాడు. ఇంట్లో వాడి మంచు మీద జారే స్కేట్లు లేవు. సరస్సు గడ్డకట్టి ఉంది. మంచు పగిలి మునిగిపోయాడని సగం ఊరంది. అడవి దాటి ఫ్రాన్స్ పారిపోయాడని మిగతా సగం అంది. దొంగ అనడంలో మాత్రం రెండు సగాలూ ఒక్కటే.

అప్పటినుంచి నా పేరు ఓడిల్ కాదు, దొంగవాడి అక్క. ఈ లోయలో ఒక్క పనిశాల కూడా నాకు చిన్న మర బిగించే పని ఇవ్వలేదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చే అమ్రైన్ లాంటి సేకర్తల పుణ్యమా అని వాచీలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. ఈ సేకర్తలకు తాతల కాలం వాచీలు వద్దు, ఇప్పటి కొత్తవీ వద్దు. ఆ రెండిటికీ నడుమ, మేం చచ్చి బతికిన ఆ పది పదిహేనేళ్ళలో పుట్టినవే కావాలి. అందులోనూ ఎవరూ పెట్టుకోనివి, సీలు విప్పనివి. పెట్టుకోని వాచీ ఎందుకండీ అని ఒకసారి అడిగితే అమ్రైన్ గారు నెల్లాళ్ళు నాకు ఫోన్ చెయ్యలేదు.

కప్పు ముక్కలు ఏరబోతే ఆయన నన్ను ఆపారు.

"ముందు కూర్చోండి. ముఖంలో నెత్తుటి చుక్క లేదు."

"నా ముఖం సంగతి నేను చూసుకుంటాను. మీరు పెట్టె తియ్యండి."

తీశారు. ప్లాస్టిక్ తొడుగులో వాచీ. తొడుగు అంచును వేడి మీద నొక్కి అతికించిన గీత, దాని మీద రోషా ముద్ర. లోపల వాచీ పక్కనే మడిచిన చీటీ, దాని పైన '8' అంకె. ఆ ముద్ర వేసే యంత్రం లోకంలో ఒక్కటే ఉండేది, రోషా ఇంటి నేలమాళిగలో. రెండేళ్ళ కిందట చచ్చిపోయేదాకా ఆయన దాని తాళంచెవి మెడలో వేసుకునే తిరిగాడు.

"సీలు చెక్కుచెదరలేదు, చూశారా?" అమ్రైన్ గారి గొంతులో పెళ్ళికొడుకు సంబరం. "రోషా చేతిపని గుర్తుపట్టగల మనిషి ఇంక మీరొక్కరే మిగిలారు. ఇదే అసలైన ఎనిమిదోదని ఒక్క సంతకం పెట్టండి చాలు. ఎనిమిదీ మా ఇంట్లో ఒకే సొరుగులో పడుకుంటాయి."

భూతద్దం కంటికి బిగించుకుని వంగాను. డయల్ మీద అంకెలు చూడగానే గుర్తుపట్టాను. 7 అంకె తోక కొంచెం ఎడమకు వంగి ఉంటుంది, అది మా లూసియాన్ చెక్కడం. ముళ్ళు నాలుగూ పది దగ్గర ఉన్నాయి. పక్కనున్న కీ బయటికి లాగి ఉంది. అంటే కీ అయిపోయి ఆగిన వాచీ కాదు. ఎవరో నిండా కీ ఇచ్చి, కావాలని ఆపిన వాచీ.

తర్వాత తేదీ చూశాను. మంగళవారం. 25. ఫిబ్రవరి. 2003.

తలెత్తి గోడ మీది క్యాలెండర్ చూశాను. మంగళవారం, 25 ఫిబ్రవరి, 2003. గోడ గడియారంలో మూడూ ముప్పై ఐదు.

"అమ్రైన్ గారూ, ఈ తేదీ చూశారా?"

"ఏ తేదీ?"

చూడలేదు మహానుభావుడు. సీలు చూశాడు, ముద్ర చూశాడు, ప్లాస్టిక్ మీద గీతలేమైనా ఉన్నాయేమోనని దీపం కింద పెట్టి మరీ చూసి ఉంటాడు. వాచీని మాత్రం చూడలేదు. వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇవాళ్టిదే! భలే కలిసొచ్చిందే. ఏదో ఒక తేదీ దగ్గర ఆగి ఉంటుంది, అది ఇవాళ్టిదైంది."

"రోషా వాచీలు ఏదో ఒక తేదీ దగ్గర ఆగవండీ."

ఆ ఇంటి ఆచారం నాకు తెలుసు. వాచీ కొన్నవాడు ఏ రోజు, ఏ గంటకు వస్తానంటే ఆ రోజుకూ ఆ నిమిషానికీ తిప్పి, నిండా కీ ఇచ్చి, కీ బయటికి లాగి సీలు వేసేవాళ్ళు. కొన్నవాడు వచ్చి సీలు కోసి, ఆ నిమిషం రాగానే తన బొటనవేలితో కీ లోపలికి నొక్కాలి. అప్పుడు వాచీకి ప్రాణం వస్తుంది. మొదట ఎవరి వేలు నడిపిస్తే వాచీ వాళ్ళది. ఎవరు కొన్నారన్నది కూడా రోషాకు అనవసరం, ఎవరు నడిపించారన్నదే లెక్క. నొక్కింది వేరేవాళ్ళయితే ఆయన పుస్తకంలో పేరు కొట్టేసి వాళ్ళ పేరు రాసేవాడు.

ఇంకో సంగతి. ఆ వాచీల్లో తేదీ ముందుకే పోతుంది, వెనక్కి రాదు. సన్నటి మీట ఒక్కసారి నొక్కితే ఒక్క రోజు. ఒక నొక్కు ఎక్కువ పడిందా, ఆ రోజు వచ్చేదాకా వాచీని సొరుగులో పడుకోబెట్టడమే. పదిహేడో ఏట లూసియాన్ మూడు నొక్కులు ఎక్కువ నొక్కేసి, రోషా తిడతాడని ఇంటికి తెచ్చుకుని తలగడ కింద దాచాడు. నేను పట్టుకుంటే, "దాని రోజు వచ్చేదాకా నిద్రపోనీ అక్కా, లేపకు" అన్నాడు. చాలా రోజులు ఆ మాట పట్టుకుని వాణ్ణి ఏడిపించాను.

పెన్సిలు తీసి లెక్క వేశాను. వాడు పోయిన ఆదివారం నుంచి ఇవాళ్టికి, మూడు లీపు సంవత్సరాలు కలిపి, నాలుగువేల ఏడువందల నలభై ఎనిమిది రోజులు. అన్ని నొక్కులు పొరపాటున పడవు. రెండు సెకన్లకు ఒకటి వేసుకున్నా రెండున్నర గంటల పైమాటే. ఎవరో కూర్చుని, ఒక్కటి కూడా ఎక్కువ కాకుండా, వేలు నొప్పి పుట్టేదాకా నొక్కారు.

ఉన్నట్టుండి వాడు మాయమైన వారంలో ఒకనాటి భోజనం గుర్తొచ్చింది. జున్ను కరిగించి పెట్టాను. వాడు తినకుండా రొట్టె ముక్కతో ఆడుకుంటున్నాడు.

"ఎనిమిదోది ఎవరికిరా?" అన్నాను.

"ఎవరో ఒకాయన వచ్చాడక్కా. ఇప్పుడు వద్దట, తనే వచ్చి తీసుకుంటాడట. ఎప్పుడో చెప్తే రోషా గారు పుస్తకంలో రాసి, నాకు కనపడకుండా పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టేశారు. ఆయన చెయ్యి వణకడం ఇదే మొదటిసారి చూడ్డం."

"ఎవర్రా అంత గొప్పాయన?"

"ఏమో. చిత్రమేంటంటే, ఆయన బూట్లకు మంచు లేదక్కా."

బయట మోకాలి లోతు మంచు. నేను పకపకా నవ్వి, "ఎగిరొచ్చాడేమోలే, తిను" అన్నాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

"మీకు ఇది ఎవరమ్మారు?" అన్నాను అమ్రైన్ గారితో.

"జెనీవాలో... వేలంలో."

"ఏ వేలం? జెనీవాలో ఎనిమిదోది వేలానికొస్తే లోయలో కోళ్ళకు కూడా తెలిసేది."

"వేలమంటే వేలం కాదు. చాటుగా జరిగింది."

"అమ్మినవాడి పేరు?"

"సేకర్తలు అలాంటివి చెప్పుకోరండీ."

"అలాగా. అయితే కోటు వేసుకోండి. చీకటి పడితే కనుమ దారి జారుతుంది."

ఆయన కదల్లేదు. టై సవరించుకున్నారు. అరవై ఏళ్ళ మనిషి, బడిపిల్లాడిలా నేల చూపులు చూశారు.

"నేను కొనలేదు" అన్నారు చివరికి. "పోస్టులో వచ్చింది. ఎవరు పంపారో తెలియదు."

"మరి దొరికింది, దొరికిందని ఎగిరారే?"

"ఆ ఏడింటి కోసం పదేళ్ళు తిరిగానండీ. ఒకాయన చావు దగ్గర కూర్చున్నాను, ఒకావిడ కుక్కను షికారుకు తిప్పాను. ఎనిమిదోది మాత్రం దానంతటదే నా గుమ్మంలోకొచ్చి పడింది. ఆ మాట మీతో ఎలా చెప్పను? సిగ్గేసింది."

నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే. "దానితో ఉత్తరమేమీ రాలేదా?" అంటే ఇష్టం లేనట్టు జేబులోంచి తీశారు. టైపు చేసిన రెండు వాక్యాలు. 'ఇది మీరే ఉంచుకోవచ్చు. ఫిబ్రవరి 25 సాయంత్రం నాలుగు లోపల లె సాంటియేలో ఓడిల్ గిన్యార్ బల్ల మీద పెట్టండి.' సంతకం లేదు. కాగితం కింది అంచున ఆయన బొటనవేలు గట్టిగా నొక్కి ఉంది.

"ఆ వేలు తియ్యండి."

"అక్కడేమీ లేదు."

"అమ్రైన్ గారూ, వేలు."

తీశారు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. 'సీలు ఆమె కోస్తుంది.'

కొయ్యమని కాదు, కోస్తుందని. ఆ వాక్యం ఇంకోసారి చదివాను. అదే సమయంలో సరస్సు మూలిగింది. చలి ముదిరితే మంచు గడ్డ లోపల్లోపల చీలుతుంది, ఈ చివర నుంచి ఆ చివరకు ఆ చప్పుడు పాకుతుంది. పుట్టినప్పటినుంచి వింటున్నదే. అయినా ఇద్దరం కిటికీ వైపు తిరిగాం. పొగమంచులో సరస్సు కనిపించడమే లేదు.

"అందుకే మీకు చూపించలేదు" అన్నారాయన. "కొయ్యరు కదూ?"

గోడ గడియారంలో నాలుగు కావడానికి అయిదు నిమిషాలు. సీలు వేసినవాడు చీటీ లోపలి వైపున ఏ రోజు వేశాడో రాసి పేరు పెట్టాలి, అది కూడా ఆ ఇంటి ఆచారమే. పైకి కనపడేది అంకె ఒక్కటే. సొరుగులోంచి బ్లేడు తీశాను. అమ్రైన్ గారు అమాంతం నా మణికట్టు పట్టేసుకున్నారు.

"వద్దండీ! మీ కాళ్ళు పట్టుకుంటాను. కోస్తే ఇది ఒట్టి వాచీ అయిపోతుంది!"

"ఒట్టి వాచీయే కదండీ!"

"పదమూడేళ్ళు ఎవరూ ముట్టుకోని వస్తువు..."

"పదమూడేళ్ళు నన్నూ ఎవరూ ముట్టుకోలేదు!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రొట్టెల కొట్లో నా పక్కన నిలబడితే చేతిసంచి దగ్గరికి లాక్కునేవాళ్ళు. చర్చిలో నా బల్ల మీద నేనొక్కదాన్నే. మా తమ్ముడు దొంగో కాదో ఈ ప్లాస్టిక్ వెనక ఉంది. మీకు సీలు కావాలి, నాకు వాడు కావాలి. చెయ్యి వదలండి."

వదిలారు. వదిలి, "నేను చూడలేను" అని గోడ వైపు తిరిగి నిలబడ్డారు, ఇంజక్షన్ చేయించుకునేవాడిలా.

కోశాను. పాత ప్లాస్టిక్ వాసన, దాని వెనకే రోషా నేలమాళిగ వాసన, తడి రాయీ నూనే కలిసిన వాసన గుప్పున వచ్చింది. వాచీని ఎడమ అరచేతిలోకి తీసుకుని, కుడిచేత్తో చీటీ మడత విప్పాను. నల్లసిరా. నిటారుగా, కుదురుగా, వాడి రాత.

'మూసిన రోజు: సోమవారం, 26 ఫిబ్రవరి 1990. మూసినది: లూసియాన్ గిన్యార్.'

రెండుసార్లు చదివాను. సోమవారం. ఆదివారమే మునిగిపోయాడన్న మనిషి, ఆదివారమే పారిపోయాడన్న మనిషి, సోమవారం నాడు రోషా నేలమాళిగలో కూర్చుని, రోషా తాళంచెవితో తీసిన యంత్రం మీద వాచీకి సీలు వేశాడు. నా లెక్క ఒక్క నొక్కు తప్పు. నాలుగువేల ఏడువందల నలభై ఏడు.

శనివారం సాయంత్రం తర్వాత ఆ కుర్రాణ్ణి చూడనే లేదని రోషా పోలీసులకు చెప్పాడు. దేవుడి పుస్తకం మీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు. నేను ఆయన అంత్యక్రియలకు వెళ్ళి వెనక వరసలో నిలబడి, మా వాడు చేసిన పనికి ఆయన శవపెట్టె దగ్గర క్షమాపణ కూడా అడిగాను.

"వాడు దొంగతనం చెయ్యలేదు" అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. పదమూడేళ్ళుగా దాచిపెట్టిన ఏడుపు, ముక్కు కారేలా, సిగ్గు లేకుండా ఏడ్చాను.

అమ్రైన్ గారు గోడ వదిలి వచ్చి చీటీ చదివారు. కోసిన ప్లాస్టిక్ వైపు ఒక్కసారైనా చూడలేదు, అది నేను మరిచిపోను. తన జేబురుమాలు నా చేతిలో పెట్టి, "చెయ్యలేదు" అన్నారు మెల్లిగా. "మీ తమ్ముడు దొంగ కాదు, గిన్యార్ గారూ. ఈ చీటీ నేను ఎక్కడికైనా వచ్చి చూపిస్తాను. కాగితం మీద సంతకం నేను పెడతాను."

ఆ మాట ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకున్నాను. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ నిమిషంలో నేను నిజంగా సుఖపడ్డాను, అబద్ధమెందుకు చెప్పాలి?

అప్పుడు వినిపించింది. టిక్ టిక్ టిక్, సన్నగా, తొందరగా.

ఎడమ అరచేయి తెరిచి చూశాను. సెకన్ల ముల్లు తిరుగుతోంది. కీ లోపల ఉంది. ముప్పై ఏళ్ళ పని అలవాటు. చేతిలోకి వచ్చిన వాచీకి కీ బయటికి ఉంటే, మా వేలు మమ్మల్ని అడక్కుండా లోపలికి నొక్కేస్తుంది. ఈ లోయలో ఏ పనివాడి బొటనవేలైనా అంతే. ఏడుస్తూ ఎప్పుడు నొక్కానో కూడా నాకు తెలియదు. పదమూడేళ్ళకు లోపలి నూనె జిగురై ఉండాలి. ఈ వాచీ మాత్రం నిన్ననే సీలు వేసినంత హాయిగా నడుస్తోంది.

గోడ గడియారం చూశాను. సరిగ్గా నాలుగూ పది.

కింద తలుపు తట్టారు. మూడుసార్లు, తీరుబడిగా.

"పంపినాయనే అయి ఉంటాడు!" అమ్రైన్ గారి ముఖం వెలిగిపోయింది. "నాలుగింటికల్లా మనల్ని కూర్చోబెట్టింది ఇందుకన్నమాట! మీరు కళ్ళు కడుక్కోండి, నేను చూస్తాను." నేను ఏదో అనేలోపే మెట్ల మీద ఆయన బూట్లు దడదడలాడాయి.

చీటీ ఇంకా బల్ల మీదే ఉంది. లూసియాన్ తన పేరు కింద ఒక గీత గీశాడు. సంతకం కింద గీత గీసే అలవాటు వాడికి లేదు. అది ఇప్పుడు తట్టింది. భూతద్దం కంటికి పెట్టుకుని వంగాను.

గీత కాదు. అక్షరాలు. చెక్కడం పనివాళ్ళు వాచీ మూత లోపల రాసుకునే చీమకాళ్ళంత అక్షరాలు, వరసగా, ఒకదానికొకటి ఆనించి రాశాడు. చీటీని బల్లకు అదిమిపెట్టి కూడబలుక్కుని చదివాను.

'అక్కా, నీ దాకా వస్తే లేపకు. కీ నొక్కకు. వాడు వచ్చేది వాచీ కోసం కాదు, దాన్ని నడిపించినవాళ్ళ కోసం.'

"అమ్రైన్ గారూ!" అని అరిచాను. అరిచాననుకున్నాను.

కింద గడియ తీసిన చప్పుడైంది. చలిగాలి మూడంతస్తులూ ఎక్కి నా బల్ల మీది కాగితాలు కదిపింది.

"రండి, రండి" అంటున్నారు అమ్రైన్ గారు ఉత్సాహంగా. "గిన్యార్ గారు పైనే ఉన్నారు. అయ్యో, ఇంత మంచులో నడిచే వచ్చారా? కాళ్ళు తుడుచుకోండి, ఆవిడకు నేల తడిస్తే... అరె, మీ బూట్లకు మంచే..."

అక్కడితో ఆయన మాట ఆగిపోయింది. మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి, ఒక్క మనిషివే. అరచేతిలో వాచీ నడుస్తోంది. కీ పట్టుకుని బయటికి లాగాను. ముల్లు ఆగలేదు.